తెల్లదారి కోసం పాత సైకిలు

అక్టోబరులో తొక్కాల్సిన దారిని ఏప్రిల్లోనే ఓసారి చూసి పొమ్మన్నది మా బావమరిది. వాడు బొలోన్యాలో ఉద్యోగం చేస్తున్నాడు. "డబ్బు కట్టి, టికెట్టు కొనుక్కుని, తీరా వచ్చాక నువ్వు సగం కొండ మీద దిగి సైకిలు తోసుకుంటూ నిలబడితే అక్కకి నేను జవాబు చెప్పలేను బావా" అన్నాడు ఫోన్లో. వాడి భయంలో న్యాయం ఉంది. నాకు యాభై దాటాయి. ఆదివారాలు స్నేహితులతో అనంతగిరి కొండ దాకా పోయి రావడం, సాయంత్రాలు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలారు కప్పు కింద సైకిళ్ళ దారిలో తిరగడం, నా సాధన అంతే. అదీ అల్యూమినియం సైకిలు మీద, వేలు కదిపితే గేరు మారిపోయే సుఖంలో.

వెళ్ళాలనుకుంటున్న యాత్ర పేరు లెరోయికా. ఇటలీలో టస్కనీ ప్రాంతం, ఫ్లోరెన్సుకీ సియెనాకీ నడుమ కియాంతి కొండలు, ఆ కొండల మడతలో గాయోలె అనే చిన్న ఊరు. ఏటా అక్టోబరు మొదట్లో ఆ ఊరి నుంచి వేలమంది పాత సైకిళ్ళ మీద బయల్దేరతారు. పోటీ కాదు. ఎవరు ముందొచ్చారన్న లెక్క లేదు. చేతిలో ఒక కార్డు ఉంటుంది, దారిలో చోటుచోటునా ఆగి దాని మీద ముద్ర వేయించుకోవాలి. ఆగిన చోటల్లా తినడానికీ తాగడానికీ పెడతారు. 46 కిలోమీటర్ల నుంచి 81, 106, 135, 209 దాకా ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు దూరం ఎంచుకోవచ్చు. అన్నిట్లోనూ కొండలే. 209 కిలోమీటర్ల దారిలో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే మూడు వేల మీటర్లు దాటిపోతుంది.

1997లో మొదటిసారి జరిగినప్పుడు వచ్చింది 92 మందే. మొదలుపెట్టినవాడు ఆ ప్రాంతంవాడే, జాన్‌కార్లో బ్రోచ్చి. బార్తలి, కొప్పి అనే పాత రేసర్ల కాలం నాటి సైకిలు పందేల భక్తుడు. ఆయన అసలు తాపత్రయం మాత్రం సైకిళ్ళ గురించి కాదు, దారుల గురించి. ఆ కొండల్లో తారు పడని తెల్ల కంకర దారులు అప్పటికి కొన్ని మిగిలాయి. అవీ ఒక్కొక్కటే తారు కిందికి పోతున్నాయి. వాటిని కాపాడాలంటే వాటి మీద ఎవరో ఒకరు నడవాలి, అదీ ఘనంగా నడవాలి. పాత సైకిలు అందుకు దొరికిన వంక అని నా అనుమానం. ఇప్పుడు లోకమంతా ఆ వంక కోసమే ఎగబడుతోంది గానీ, ఆయన గురి దారి మీదే.

వంక అన్నాను గానీ, దానికి నిబంధనలు మాత్రం గట్టివే. సైకిలు 1987కి ముందు తయారైనదై ఉండాలి. గేర్లు మార్చే లివర్లు హ్యాండిలు దగ్గర కాదు, కింది ఏటవాలు గొట్టానికి ఉండాలి. పెడళ్ళకి పాదాన్ని పట్టే ఇనప కొక్కేలు, తోలు పట్టీలు ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిలు చుట్టిన పట్టీ కింద దాక్కోకూడదు, గాలిలో వంపు తిరిగి పైకి కనబడాలి. బట్టలు కూడా ఆ కాలం నాటి ఉన్ని జెర్సీలైతే మంచిది. లుచానో బెర్రూతి అని గుబురు మీసాల పెద్దమనిషి ఒకాయన 1907 నాటి ప్యూజో సైకిలు మీద ఈ యాత్రకు వచ్చేవాడు. 2017లో సైకిలు తొక్కుతూనే పోయాడు. లెరోయికా ఫొటోలు ఏవి తిరగేసినా ఆ మీసాలు కనబడతాయి.

1987 అనే గీత ఎందుకంటే, ఎనభైల నడుమ రేసు సైకిలు జాతే మారిపోయింది. 1984లో ఫ్రాన్సులో లుక్ కంపెనీ, మంచు మీద జారే బూట్ల పద్ధతిలో, పాదాన్ని టక్కున పట్టుకునే పెడలు తెచ్చింది. మరుసటేడే బెర్నార్ ఇనో దాని మీద టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ రోజుల్లోనే జపాను షిమానో వాళ్ళు గేరుకో క్లిక్కు చొప్పున పలికే లివరు తెచ్చారు. అంతకుముందు గేరు ఎక్కడ పడిందో చెవితో, కాలితో కనిపెట్టుకోవాల్సిందే. మరి లుక్ పెడలు 1984దే కదా, తేదీ ప్రకారం చెల్లాలి కదా అని అడగొచ్చు. చెల్లదు. ఇది తేదీలు చూసి పెట్టిన రూలు కన్నా రుచి చూసి పెట్టిన రూలు. నాకందులో తప్పేమీ కనబడలేదు.

కొత్త వస్తువు వద్దనే పట్టుదల సైకిలు లోకానికి కొత్తా కాదు. టూర్ ద ఫ్రాన్స్‌లో చైను ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి దూకే గేర్లని 1937 దాకా రానివ్వలేదు. అంతవరకూ కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, తిరగేసి బిగించుకునేవారు. హబ్బుకి అటొక సైజు పళ్ళ చక్రం, ఇటొక సైజు పళ్ళ చక్రం. ఇటలీలో తుల్లియో కంపాన్యోలో అనే కుర్రాడు 1927లో చలిలో క్రోచె దౌనె కనుమ ఎక్కుతూ, వేళ్ళు కొంకర్లు పోయి చక్రం నట్టు విప్పలేక వెనకబడ్డాడనీ, ఆ ఉక్రోషంతోనే ఒక్క లివరు తిప్పితే ఊడొచ్చే ఇరుసు కనిపెట్టాడనీ కథ చెబుతారు. కథలో నిజమెంతో గానీ, 1933లో విచెంజాలో ఆయన పెట్టిన కంపెనీ పేరు లేని పాత రేసు సైకిలు ఇటలీలో దొరకడం కష్టం.

మాకు దొరికిన దాని మీదా ఆ పేరే ఉంది. బొలోన్యా శివార్లలో ఒక ముసలాయన ఇంటి వెనక రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేస్తాడు. బావమరిది ముందే మాట్లాడి ఉంచాడు. ఎనభైల మొదట్లో కట్టిన స్టీలు ఫ్రేము, గొట్టాల మీద కొలంబస్ కంపెనీ చీటీ సగం చెరిగిపోయి ఉంది, రంగు నీలం. కొనేముందు చూసుకోండి అన్నట్టు ముసలాయన సీటు ఊడబెరికి, ఆ గొట్టంలోకి టార్చిలైటు వేసి నన్ను వంగి చూడమన్నాడు. లోపల తుప్పు ఉంటే పైరంగు ఎంత మెరిసినా దండగ. కాకినాడ సముద్రపు గాలిలో సైకిళ్ళు ఎంత తొందరగా పోతాయో చూసినవాణ్ణి కాబట్టి గోరుతో గీకి మరీ చూశాను. బాగానే ఉంది.

"బార్తలి కాగితాలు దాచింది ఇక్కడే" అన్నాడు ముసలాయన ఆ గొట్టం మీద తడుతూ. బావమరిది తెలుగులో చెప్పేలోపే పేరు బట్టి నాకు అర్థమైంది. జీనో బార్తలి 1938లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు, యుద్ధం నడుమన పడి పదేళ్ళ తర్వాత 1948లో మళ్ళీ గెలిచాడు. ఆ నడుమ, జర్మన్ సైన్యం ఇటలీని పట్టుకున్న రోజుల్లో, ఫ్లోరెన్సు ఆర్చిబిషప్పు ఎలియా దల్లా కోస్తా పూనికతో యూదులకి దొంగ గుర్తింపు కాగితాలు చేర్చే పనిలో ఉన్నాడు. కాగితాలు సైకిలు గొట్టాల్లో. దారిలో సైనికులు ఆపితే, చాంపియను సాధన చేసుకుంటున్నాడు, అంతే. బతికుండగా దాని గురించి గొప్పగా చెప్పుకోలేదు. 2000లో పోయాడు. 2013లో ఇజ్రాయెల్ యాద్ వాషెమ్ ఆయన పేరుని యూదులని కాపాడిన ధర్మాత్ముల జాబితాలో చేర్చింది.

ముసలాయన చక్రం పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటి చెవి ఒగ్గి విన్నాడు. ఒకటి రెండు చోట్ల బిగించి, బెండు తీశాడు. మన పంచర్ షాపుల్లోనూ ఇదే విద్య. ఆ తర్వాత అసలు బేరం మొదలైంది, గేర్ల దగ్గర.

ఈ పాత రేసు సైకిళ్ళు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ కాళ్ళని చూసి చేసినవి. ముందు రెండు పళ్ళ చక్రాలు, 52, 42. వెనక అయిదో ఆరో, అందులో పెద్దది 24. కొండ ఎక్కడానికి మన చేతిలో ఉన్న సులువైన గేరు 42కి 24. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 3.7 మీటర్లు పోతుంది. చదునులో అది ఆట. పదిహేను శాతం ఏటవాలు మీద, కాలి కింద కంకర జారుతుంటే, అది మోకాలికి శిక్ష. ముందు చక్రాన్ని చిన్నది చేద్దామంటే ఆ కాలం కంపాన్యోలో క్రాంకుకి బోల్టులు వేసే వలయం 144 మిల్లీమీటర్లు. 41 పళ్ళ కన్నా చిన్నది అందులో పట్టదు. వెనక 28 వేస్తే 3.15 మీటర్లకి దిగుతుంది. అదీ నాకు చాలదు.

"మీ బావ బరువెంత?" అని అడిగాడు ముసలాయన. వాడు నన్నడక్కుండానే చెప్పేశాడు. ఆయన తల పంకించి, లోపలికి పోయి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చాడు. అందులో పాత ఫ్రెంచి క్రాంకు ఒకటుంది, టీయే కంపెనీది. యాత్రల కోసం చేసినది. దానికి 32 పళ్ళ చక్రం పడుతుంది. 32కి 28 అంటే పెడలు చుట్టుకి 2.4 మీటర్లు. ఇటలీ సైకిలుకి ఫ్రెంచి క్రాంకు వేయడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదని మొహంలోనే తెలుస్తోంది. కానీ నిబంధనలు గేర్లని సులువు చేసుకోవడానికి ఒప్పుకుంటాయి. నా బరువు విన్నాక ఆయనా ఒప్పుకున్నాడు. వెనక గేర్లు మార్చే చెయ్యి కూడా పొడుగుది వేయాలన్నాడు, లేకపోతే చైను వేలాడుతుంది. అంతా కలిపి మన డబ్బుల్లో నలభై వేల పైచిలుకు. క్రాంకు బిగించి ఇచ్చేసరికి ఆ రోజంతా గడిచింది.

కారులో గాయోలెకి పోతుంటే, ఇలాంటి యాత్ర మన దగ్గర పెడితే ఎలా ఉంటుందని మాటలొచ్చాయి. మన దగ్గర 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అవి చేసింది ఎక్కువగా బరువులు మోసే బండ్లు: రాడ్ బ్రేకులు, వెనక క్యారేజీ, డైనమో లైటు, ఒక్కటే గేరు. వాటి మీద పాలక్యాన్లు, గడ్డిమోపులు, బియ్యం బస్తాలు కొండలెక్కాయి. పందెం పెట్టాలంటే బస్తాతోనే పెట్టాలి. "అప్పుడు ఈ ఇటలీవాళ్ళు దిగి తోసుకుంటారు" అన్నాడు బావమరిది. వాడికి సైకిలు లేదు. ఆ వ్యాఖ్యలన్నీ స్టీరింగు వెనక కూర్చునే.

ఫ్లోరెన్సు దాటుతుండగా పోంతె ఆ ఎమా అన్న ఊరి పేరు కనబడింది. బార్తలి పుట్టిన ఊరు అది. అక్కడ ఆయన పేరు మీద సైకిలు మ్యూజియం ఉంది. ఈసారికి ఆగలేదు. మోంతెవార్కి దగ్గర పెద్ద రోడ్డు వదిలి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. పైన కోల్తిబువోనో అనే పాత సన్యాసుల మఠం, దాని చుట్టూ దట్టమైన అడవి, అక్కణ్ణుంచి మెలికలు తిరుగుతూ దిగితే గాయోలె. కియాంతి అంటే ద్రాక్షతోటలే అనుకుంటాం గానీ తోటల కన్నా అడవే ఎక్కువ.

ఊళ్ళో ఒక్కటే ముఖ్యమైన వీధి. కొట్ల అద్దాల వెనకా గోడల మీదా పాత సైకిళ్ళు కనబడుతూనే ఉంటాయి. అక్టోబరులో ఈ వీధిలోనే విడిభాగాల సంత కూడా పెడతారు. 209 కిలోమీటర్ల దారి పొడవునా గోధుమరంగు బోర్డులు నాటి ఉన్నాయి. ఏడాదిలో ఏ రోజైనా వాటిని పట్టుకుని తొక్కుకుంటూ పోవచ్చు. మేం వచ్చింది అందుకే.

మర్నాడు బ్రోలియో కోట వైపు వెళ్ళాం. గాయోలె నుంచి పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. బావమరిది బ్యాటరీ సైకిలు అద్దెకి తీసుకున్నాడు, నా వెనకే వస్తూ ఫోన్లో వీడియోలు తీయడానికి. అక్కడిదాకా తారు రోడ్డే, ప్రాణానికి హాయిగా ఉంది. కోట కింద మలుపు తిరగగానే తారు ఆగిపోయి, సైప్రస్ చెట్ల వరసల నడుమ తెల్లదారి నిట్టనిలువుగా పైకి లేచింది.

ఆ దారి సున్నపురాయి కంకర, మట్టి కలిపి రోలరు తొక్కించినది. మన మొరం రోడ్డే, రంగు తేడా. ఎండలో చూస్తే కళ్ళు చెదురుతాయి. దాని మీద తొక్కడానికి వేరే చదువు కావాలి. సీటు మీంచి లేచి బలంగా తొక్కితే వెనక చక్రం పట్టు తప్పి ఉత్తినే తిరుగుతుంది, కూర్చునే తొక్కాలి. గేరు మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిలు వదిలి మోకాళ్ళ నడుమ గొట్టం దాకా వంచాలి. పైగా కాలు బిగపట్టి తొక్కుతున్నప్పుడు ఈ పాత గేర్లు మారవు; ఏటవాలు రాకముందే, చూపుతో కొలిచి, ముందుగానే మార్చేసుకోవాలి. ముసలాయన ఫ్రెంచి క్రాంకుకి మనసులో దండం పెట్టుకుంటూ ఎక్కాను. దిగకుండానే ఎక్కాను.

అక్టోబరులో పెద్ద దూరాలవాళ్ళు ఇక్కడికి చీకటి ఉండగానే చేరతారు. వాళ్ళ కోసం ఈ దారికి రెండు వైపులా దీపాలు వెలిగించి పెడతారు. ఆ ఫొటోలు చూసే నాకీ పిచ్చి పట్టింది. పైన ఉన్న కోట రికాసోలి వంశానిది. 1141 నుంచీ వాళ్ళ చేతిలోనే ఉందంటారు. ఆ ఇంటివాడే బెత్తీనో రికాసోలి, ఏకమైన ఇటలీకి రెండో ప్రధాని. కియాంతి వైనుకి ఏ ద్రాక్ష ఎంత కలపాలో 1872లో రాసిపెట్టిన మనిషి కూడా ఆయనే. దేశాన్ని ఏలింది రెండు విడతలుగా కొద్దికాలమే. వైను పాళ్ళు చెప్పినందుకే జనం ఎక్కువగా తలుచుకుంటారు.

ఆ వైను సీసాల మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటుంది. దానికీ తెల్లవారుజాముకీ సంబంధం ఉంది. ఫ్లోరెన్సు, సియెనా రాజ్యాలు సరిహద్దు తగువు తీర్చుకోవడానికి ఒక ఒప్పందం చేసుకున్నాయట. కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, ఇద్దరూ ఎక్కడ ఎదురుపడితే అదే హద్దు. సియెనావాళ్ళు తెల్లపుంజుని బాగా మేపారు. ఫ్లోరెన్సువాళ్ళు నల్లపుంజుని పస్తు పెట్టారు. ఆకలికి అది అర్ధరాత్రి దాటగానే కూసింది. ఫ్లోరెన్సు రౌతు దాదాపు సియెనా గుమ్మం దాకా వచ్చేశాడు, కియాంతి అంతా వాళ్ళదైపోయింది. ఇది గోదావరి జిల్లా పందెంరాయుళ్ళకి చెబితే, కాకి పుంజుని నమ్ముకున్నవాడు చెడిపోడని వెంటనే ఒప్పుకుంటారు.

కోట నుంచి దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. పాత బ్రేకులు మాట వింటాయి గానీ నిదానంగా వింటాయి. రెండు చేతులా పిడికిళ్ళు బిగించి పట్టుకుంటే కిందికొచ్చేసరికి వేళ్ళు విప్పడానికి రాలేదు. పొడి రోజు కాబట్టి ముందుపోయిన ఒక ట్రాక్టరు లేపిన ధూళి కనురెప్పల మీద పిండిలా పేరుకుంది.

ధూళి సంగతి రాత్రి మేం దిగిన ఇంటి ఆవిడ దగ్గర ఎత్తాం. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. రిబొల్లీతా వండి పెట్టింది: చిక్కుడుగింజలు, ముదురాకు కూర, ముందురోజు రొట్టెముక్కలు కలిపి మరిగించి, మళ్ళీ మరిగించిన చిక్కటి పులుసు. లెరోయికా దారిలోనూ ఇదే పెడతారు, పక్కన వైనుతో. రొట్టెలో ఉప్పు ఉండదు, అక్కడి అలవాటు. బావమరిది సంచీలోంచి గోంగూర సీసా తీశాడు. ఉప్పులేని రొట్టెకి గోంగూర ఎంత బాగా కుదిరిందో చెప్పను. ఆవిడ కూడా రెండోసారి వడ్డించుకుంది.

"తెల్లదారి చూడ్డానికి ప్రపంచమంతా వస్తుంది. నేను మాత్రం యాభై ఏళ్ళుగా దుప్పట్లు ఆరేసి దులుపుకుంటున్నాను" అంది. వానాకాలం బురద, ఎండాకాలం ధూళి. మా ఇంటి ముందు వరకైనా తారు వేయమని వాళ్ళాయన అడిగేవాడట. ఇప్పుడు అడగడానికి మొహం చెల్లదు, ఆ దారి చూసే కదా ఇంటికి అతిథులొస్తున్నారు అని నవ్వింది.

నన్ను ఆ మాట అక్కడ్నుంచి కదలనివ్వలేదు. నేను వచ్చిన చోట, రోడ్డు కావాలన్నది ఊరు మొదట అడిగే కోరిక. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఈ రోజుకీ రోడ్డు చేరని గూడేలు ఉన్నాయి. నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి మైళ్ళు మోసుకొచ్చే వార్త ఏటా చదువుతాం. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చాక ఎన్నో ఊళ్ళకి తారు చేరింది. చేరిన రోజున కొబ్బరికాయలు కొట్టారు. తారు వద్దు, ఈ మట్టిదారి ఇలాగే ఉండనీయండి అని సైకిలెక్కి వేడుక చేసేవాళ్ళని ఆ గూడెం మనిషికి చూపిస్తే ఏమనుకుంటాడు? తిన్నవాళ్ళ ఉపవాసం అనుకోడూ?

కానీ ఈ దారులు మట్టిగా మిగిలింది వేడుక కోసం కాదు. ఈ కొండల్లో నేల అంతా భూస్వాములది. రైతులు సగపాలుకు చేసుకునేవాళ్ళు. పంటలో సగం దొరకి, సగం ఇంటికి. ఇక్కడ కొండకొకటిగా కనిపించే రాతి ఇళ్ళన్నీ అలాంటి రైతు కుటుంబాలు ఉన్నవే. యుద్ధం తర్వాత ఆ బతుకు వద్దనుకుని, యాభైల్లో, అరవైల్లో కుటుంబాలకి కుటుంబాలే ఫ్యాక్టరీల వైపు, పట్నాలకి దిగిపోయాయి. 1964లో కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోవడాన్నే చట్టం ఆపేసింది. తారు వేయమని గట్టిగా అడగాల్సిన జనం వెళ్ళిపోయారు. ఆ ఖాళీలో ఆ దారులు అలా ఉండిపోయాయి. తర్వాత ఆ ఖాళీ ఇళ్ళని బయటివాళ్ళు కొని బాగుచేయించుకున్నారు, బ్రోచ్చి లాంటివాళ్ళు దారులకి విలువ కట్టారు. ఎవరూ లేక మిగిలిపోయినదాన్ని కాపాడుకోవడం ఒకటి, ఉన్నవాళ్ళకి దక్కకుండా ఆపడం ఒకటి. ఇక్కడ జరిగింది మొదటిదే అనుకుని కొంత ఊరటపడ్డాను. దుప్పట్లు దులుపుకునే ఆవిడని చూశాక పూర్తిగా పడలేకపోయాను.

విలువ కట్టడం అన్నది మాటవరసకి కాదు. 2007లో ఇవే దారుల మీద వృత్తి రేసర్ల పోటీ మొదలైంది. ఇప్పుడు దాన్ని స్త్రాదె బియాంకె అంటారు. మార్చిలో జరిగి సియెనాలో పియాజ్జా దెల్ కాంపో మైదానంలో ముగుస్తుంది. 2015 నుంచి ఆడవాళ్ళ పోటీ కూడా ఉంది. దానికి కొత్త సైకిళ్ళే, కార్బన్ ఫ్రేములే. అంటే పాత సైకిళ్ళ వేడుకకి కొత్త సైకిళ్ళ పోటీ బిడ్డ. తెల్లదారి ఉన్నంతకాలం ఆ పోటీ ఉంటుంది, పోటీ ఉన్నంతకాలం తారు వేసే ధైర్యం ఎవరికీ రాదు.

ఆ పోటీలో పేరుమోసిన ముక్క మోంతె సాంతె మారియె, అషానో ఊరి దగ్గర, పదకొండున్నర కిలోమీటర్ల తెల్లదారి. కారులో సైకిళ్ళు వేసుకుని అక్కడికి పోయాం. కియాంతి అడవి వెనకబడిపోయి, క్రేతె సెనేసి మొదలైంది. బూడిదరంగు బంకమట్టి గుట్టలు, ఏప్రిల్ కాబట్టి గోధుమ పైరు పచ్చగా, కనుచూపు మేరలో ఒక చెట్టు ఉంటే ఉంది. నీడ లేదు. దారి గుట్టల వీపు మీదుగానే పోతుంది, అందుకని దిగిన ప్రతి పల్లమూ వెంటనే ఎక్కించేస్తుంది. ఇక్కడ మూడుసార్లు గెలిచిన స్విట్జర్లాండు రేసరు ఫాబియాన్ కంచెల్లారా పేరు ఈ ముక్కకి పెట్టారు. ఆయన ఎగిరిపోయిన ఎత్తుల మీద నేను రెండు చోట్ల దిగాను. బావమరిది బ్యాటరీ సైకిలు మీద పైకి పోయి, వెనక్కి దిగి వచ్చి, "నీళ్ళు కావాలా బావా" అని అడిగాడు. ఆ మర్యాదకి ఒళ్ళు మండింది గానీ నీళ్ళు తాగాను.

209 సంగతి అక్కడే తేలిపోయింది. ఈ ముక్క 135లోనూ ఉంది, అప్పటికి కాళ్ళలో చాలా దూరం ఉంటుంది. 81 నా వయసుకీ బరువుకీ తగినది. అందులోనూ కోట ఎక్కుడు ఉంటుంది. కానీ దీపాల దారి చీకట్లో బయల్దేరేవాళ్ళకే. ఆ ఒక్కదాని కోసం 135కి పేరిద్దామని నేను, ఆ ఒక్కదాని కోసమైతే తెల్లవారుజామున కారులో తీసుకెళ్ళి చూపిస్తానని వాడు. తిరిగొచ్చే దారంతా ఇదే గొడవ.

మిగతా పనులన్నీ రాసుకున్నాను. సైకిలు వాడి అపార్టుమెంటు నేలమాళిగలో ఉంటుంది, ముసలాయన సెప్టెంబరులో ఓసారి విప్పి గ్రీజు పెడతాడు. బయల్దేరేది చీకట్లోనైతే ముందూ వెనకా లైట్లు తప్పవు. ఇటలీలో ఇలాంటి వాటికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. మా డాక్టరుగారు ఈ సంగతి వినగానే "ఇంట్లో తెలుసాండీ?" అని అడిగే రకం, కాబట్టి ఆ పని ఆవిడ చేతే చేయించాలి. అనంతగిరి మీదికి ఇక నుంచి అల్యూమినియం సైకిలు మీదే అయినా పెద్ద గేరులోనే ఎక్కాలి. కంకర మీద చెయ్యి కుదరడానికి వికారాబాద్ అవతల మొరం దారులు వెతకాలి, అవి కూడా తారు పడకముందే. ఉన్ని జెర్సీ ముసలాయన దగ్గర ఒకటుంది, నాకు బిగుతు. అక్టోబరుకి పడుతుందని ఆయన నమ్మకం.

బొలోన్యా చేరాక వాడు ముసలాయనకి ఫోను చేశాడు. క్రాంకు బాగా పనిచేసిందని చెప్పడానికి అనుకున్నాను. కాసేపు ఇటాలియన్‌లో ఏదో వాదన నడిచింది, నడుమన వాడి బరువు అంకె వినబడింది. ఫోను పెట్టేసి, "బావా, ఇంకో ఫ్రేముందట, ఎర్రది, 1978 నాటిది. ఇద్దరికీ కలిపి 81కి పేరిస్తే అక్క ఏమీ అనదేమో" అన్నాడు.